తిన్నగా వచ్చిన గీత

ఎమ్మెస్సీ ప్రాజెక్టుకి నా చేతికొచ్చింది ఇటుకంత సన్ ఫోటోమీటర్. సూర్యుడికి గురిపెట్టి మీట నొక్కితే, ఐదు తరంగదైర్ఘ్యాల్లో నేరుగా వచ్చే వెలుగెంతో చూపిస్తుంది. దారిలో గాలి, దుమ్ము, పొగ ఎంత వెలుగుని చెదరగొట్టాయో దాన్నిబట్టి లెక్కకట్టాలి. అయితే అసలు గాలే లేకపోతే ఎంత వచ్చేదో ముందు తెలియాలి కదా! మా పరికరంలో ఉన్న ఆ సంఖ్య ఏళ్లనాటిది, ఫిల్టర్లు పాతబడితే అది మారిపోతుంది. "లాంగ్లీ ప్లాట్ వేసుకోమ్మా" అన్నారు సార్, టీ తాగి రమ్మన్నంత తేలిగ్గా.

పొద్దున్నే వెలుగు ఎక్కువ గాలిని దాటి వస్తుంది. ఆ దాటే గాలి ఎంతో చెప్పే అంకె ఎయిర్ మాస్: సూర్యుడు నడినెత్తిన ఉంటే 1, 30 డిగ్రీల ఎత్తులో 2, పదకొండున్నర డిగ్రీల దగ్గర దాదాపు 5. దీన్ని అడ్డంగా, పరికరం చూపే వోల్టేజీ లాగరిథమ్‌ని నిలువుగా వేసి, వచ్చిన గీతను ఎయిర్ మాస్ సున్నా, అంటే గాలే లేని చోటు దాకా పొడిగిస్తే కావలసిన విలువ దొరుకుతుంది. లాంగ్లీ ప్లాట్ అంటే ఇదే.

హాస్టల్ డాబా మీదే కానిచ్చేద్దామనుకున్నాను. నాలుగు రోజులూ గీత తిన్నగా వచ్చింది, చుక్కలు గీతకెంత దగ్గరగా ఉన్నాయో చెప్పే కోరిలేషన్ 0.99 పైనే. సున్నా దగ్గర విలువ మాత్రం రోజుకో రకం. పరికరం పాడుచేశానేమోనని ఒకటే టెన్షన్. తీరా చూస్తే దానికేం కాలేదు. ఊరు నిద్రలేచి పొయ్యిలూ బండ్లూ మొదలయ్యే కొద్దీ గాలిలో పొగ పెరుగుతోంది. ఆ పెరిగే భాగం ఎయిర్ మాస్‌కి విలోమంగా సాగితే గీత ఏమాత్రం వంగదు, తిన్నగా ఉన్నది ఉన్నట్టే కిందికి జారుతుంది. కోరిలేషన్ చూసి మురిసిపోవడం అప్పుడే మానేశాను.

జనవరి ఆఖర్లో మదనపల్లె దగ్గరి హార్సిలీ హిల్స్‌కి వెళ్లాను. ఎత్తు సుమారు 1,265 మీటర్లు, మసకంతా చాలావరకు కిందే ఉండిపోయింది. ఏడున్నర నుంచి తొమ్మిది దాటేదాకా రెండు నిమిషాలకోసారి కొలత. చలికి చేతులు వణికి సూర్యుడి చుక్క గురి మీద నిలిచేది కాదు. గురి తప్పితే రీడింగ్ తగ్గుతుందే గానీ పెరగదు కాబట్టి మూడేసి తీసి పెద్దది ఉంచుకునేదాన్ని. "ఏం పాపా, సూర్యుణ్ణి ఫోటో తీస్తా ఉండావా?" అని టీకొట్టు పెద్దాయన రోజూ అడిగేవాడు.

మొదటి రెండు రోజులూ నా తప్పులకే పోయాయి. పరికరంలో గడియారం నాలుగు నిమిషాలు వెనక ఉంది. మిట్టమధ్యాహ్నమైతే పర్వాలేదు గానీ, పొద్దున ఎయిర్ మాస్ 4.6 ఉన్నప్పుడు అది 5 అని రాసుకుంది. గాలిపీడనం కూడా సముద్రమట్టానిదే వదిలేశాను. 500 నానోమీటర్ల దగ్గర గాలి అణువుల చెదరగొట్టుడు (దీని కొలతని ఆప్టికల్ డెప్త్ అంటారు) సముద్రమట్టంలో 0.143, కొండమీద దాదాపు 0.123. దుమ్ము విలువే 0.1 చుట్టుపక్కల ఉన్నచోట ఈ తేడా చిన్నదేం కాదు. 870 దగ్గరైతే అణువుల వాటా 0.015 మాత్రమే కాబట్టి ఆ తప్పు అక్కడ కనబడనే లేదు. నీలం వైపు కదిలే కొద్దీ పెరుగుతూ కనిపించబట్టే పట్టుకోగలిగాను.

తర్వాత సన్నటి మేఘాల బెడద. కంటికి ఆకాశం నిర్మలంగానే ఉంటుంది. బొటనవేలు అడ్డంపెట్టి సూర్యుణ్ణి మూసి చుట్టూ చూస్తే, పాలు పోసినట్టు తెల్లటి వలయం. అది కనిపిస్తే ఆ పొద్దు దండగే.

పదకొండు పొద్దుల్లో మిగిలినవి మూడు. వాటి విలువలు ఒక శాతం లోపు తేడాతో కలిశాయి. ఒక శాతం తప్పంటే సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పుడు ఆప్టికల్ డెప్త్‌లో 0.01 తప్పు. "సరిపోతుంది" అన్నారు సార్. పక్కన పెట్టిన ఎనిమిదిలో ఒకదాని గీత ఈ మూడింటికన్నా తిన్నగా ఉంది.