ఎవరి ఒళ్ళు? మూలం?

తెలుగు వికీపీడియాలో నా తొలి దిద్దుబాటు ఒక్క రోజు కూడా నిలవలేదు. 2005లో వచ్చిన చంద్రముఖి గురించిన వ్యాసంలో 'ఒళ్ళు గగుర్పొడిచే హారర్ చిత్రం' అని చేర్చి, గర్వంగా పడుకున్నాను. తెల్లారేసరికి ఆ మాటలు లేవు. పేజీ చరిత్ర తెరిస్తే దిద్దుబాటు సారాంశంలో రెండే ప్రశ్నలు: 'ఎవరి ఒళ్ళు? మూలం?'

ఉడుక్కుని మళ్ళీ చేర్చాను. మళ్ళీ పోయింది. మూడోసారి చేర్చబోతుంటే ఒక పాత వాడుకరి చర్చా పేజీకి రమ్మని మర్యాదగా పిలిచారు. అక్కడ అందరూ 'గారు' అనే సంబోధించుకుంటారు. ఎంత ఘాటైన మాటైనా దాని తర్వాతే. నేను అరపేజీ వాదన రాసి సంతకం మరిచిపోయాను. చివర నాలుగు టిల్డె గుర్తులు (~~~~) పెడితే సంతకం పడుతుందని ఎవరో సర్దిచెప్పారు.

నా వాదన చిన్నదే. హాల్లో నేను వణికాను, కనుక అది హారర్. అవతలి వారిది నాకంటే పదునుగా ఉంది. చంద్రముఖికి మాతృక ఫాజిల్ 1993లో తీసిన మలయాళ చిత్రం మణిచిత్రతాళు. అందులోలాగే ఇక్కడా చివరికి తేలేది దెయ్యం కాదు, కథానాయిక మానసిక వ్యాధి. విడమరిచి చెప్పేది మానసిక వైద్యుడు. దెయ్యమే లేనప్పుడు హారర్ ఎలా అవుతుందని అడిగారు.

నేను ఓడిపోయాననే అనుకున్నాను. అప్పుడు మూడో వ్యక్తి వచ్చి ఇద్దరినీ ఒకే గాటన కట్టారు. 'దెయ్యం లేదు కాబట్టి హారర్ కాదు' అన్నది కూడా సొంత తీర్మానమేనట. అవతలి వారు వణకకపోవడానికీ నేను వణకడానికీ ఇక్కడ విలువ ఒకటే, అంటే సున్నా. మనం తేల్చకూడదు, ప్రచురితమైన సమీక్షలు ఏమన్నాయో చూసి అదే రాయాలి. అక్కడ చేతులెత్తి లెక్కపెట్టరు, వాదన బలాన్ని బట్టి ఏకాభిప్రాయానికి వస్తారు. ఒంటరిగా ఉన్న నాకు అది ఊరట.

వారం పాటు పాత సమీక్షలు వెతికాను. ఈ పని మీద ఉన్నంత శ్రద్ధ పరీక్షల మీద ఉంటే ఎక్కడో ఉండేవాణ్ణి. 'హారర్ కామెడీ' అన్న మాట తరచుగా ఎదురైంది. మూలాలతో సహా అదే చేర్చాను, నిలిచింది. ముగింపు ముందే చెప్పేస్తే సినిమా చూసేవారికి రుచి పోదా అని మధ్యలో ఒకరు అడిగారు. విజ్ఞాన సర్వస్వంలో కథ పూర్తిగానే ఉండాలన్నారు మిగతావారు. అది రెండు వ్యాఖ్యల్లో ముగిసింది.

ముగియనిది పేరు గొడవ. 'హారర్' తీసేసి 'భయానక చిత్రాలు' అని వర్గం పెడదామని ఒకరి ప్రతిపాదన. వినడానికి బాగుంది. కానీ నాట్యశాస్త్రం రాసిన భరతుడి లెక్కలో భయానక రసానికి స్థాయీభావం, అంటే మూల భావన, భయం; బీభత్స రసానికి జుగుప్స. నెత్తురు, కుళ్ళిన శవాలు చూపించే సినిమాలు రెండో దాని కిందికి వస్తాయి, వాటినెక్కడ పెడతారని అడిగాను. దానికింకా జవాబు రాలేదు. ఈసారి సంతకం మాత్రం మరిచిపోలేదు.