నెట్టు, కదులు: ఆర్థర్ రో ఆడించిన ఫుట్‌బాల్

పాస్ ఇచ్చిన ఆటగాడు ఆ తర్వాతి రెండు సెకన్లలో ఏం చేస్తున్నాడో చూస్తే చాలు, ఆ జట్టుకు ఎలాంటి శిక్షణ ఉందో తెలిసిపోతుంది. చాలామంది బంతిని వదిలేసి, అది ఎటు పోతోందో చూస్తూ నిలబడిపోతారు. 1949లో టాటెన్‌హామ్ హాట్‌స్పర్ మేనేజర్‌గా వచ్చిన ఆర్థర్ రో సరిచేసింది ముఖ్యంగా ఆ రెండు సెకన్లనే. రెండేళ్లు తిరక్కుండానే ఆ క్లబ్ మొట్టమొదటిసారి ఇంగ్లండ్ లీగ్ ఛాంపియన్ అయింది.

రో పుట్టింది 1906లో, టాటెన్‌హామ్‌లోనే. చెషంట్, నార్త్‌ఫ్లీట్ అనే చిన్న క్లబ్బుల్లో ఆడి స్పర్స్‌కు (టాటెన్‌హామ్ హాట్‌స్పర్ ముద్దుపేరు అది) వచ్చాడు. నార్త్‌ఫ్లీట్ అప్పట్లో స్పర్స్‌కు కుర్రాళ్లను తయారుచేసి పంపే క్లబ్. ఆయన సెంటర్ హాఫ్, అంటే మధ్య వరసలో నడుమ ఆడేవాడు. 1925లో ఆఫ్‌సైడ్ నియమం మారింది. సహచరుడు బంతి నెట్టే క్షణంలో దాడి చేసేవాడికీ గోల్ లైనుకీ మధ్య ముగ్గురు ప్రత్యర్థులు ఉండాలన్నది ఇద్దరికి తగ్గింది. దాంతో గోల్స్ వరదలా వచ్చాయి. వాటిని ఆపడానికి ఇంగ్లండ్ జట్లు సెంటర్ హాఫ్‌ను వెనక్కి లాగి, ఇద్దరు ఫుల్‌బ్యాక్‌ల (వెనక చెరో పక్కా కాసే డిఫెండర్ల) మధ్య కాపలా పెట్టాయి. రో ఆడినది ఆ కాపలా స్థానమే. 1933లో స్పర్స్ రెండో డివిజన్ నుంచి పైకి వచ్చింది, మరుసటి ఏడాది మొదటి డివిజన్‌లో మూడో స్థానంలో నిలిచింది. 1933 డిసెంబరు 6న ఫ్రాన్స్ మీద 4-1తో గెలిచిన మ్యాచ్‌లో ఆయన ఇంగ్లండ్‌కు ఆడాడు. సొంత మైదానం వైట్ హార్ట్ లేన్‌లోనే జరిగిన ఆ మ్యాచే ఆయనకు మొదటిదీ చివరిదీ. 1935లో జట్టు మళ్లీ కిందికి జారింది. మోకాలి దెబ్బతో 1939లో ఆట మానేశాడు.

ఆ ఏడాదే శిక్షణ పాఠాలు చెప్పడానికి హంగరీ వెళ్లాడు. యుద్ధం మొదలవడంతో వెనక్కి రావలసి వచ్చింది. సైన్యంలో ఫుట్‌బాల్ జట్టుకు శిక్షణ ఇచ్చాడు. యుద్ధం ముగిశాక చెమ్స్‌ఫర్డ్ సిటీ మేనేజరై, 1945-46లో సదరన్ లీగ్ గెలిపించాడు. అక్కడి నుంచే స్పర్స్ ఆయన్ని పిలిచింది.

ఇక అసలు విషయం. ఆయన పద్ధతికి పత్రికలు పెట్టిన పేరు ‘పుష్ అండ్ రన్’, అంటే నెట్టు, పరుగెత్తు. చిన్నప్పుడు వీధి గోడకు బంతి కొట్టి, తిరిగొచ్చే లోపు నాలుగడుగులు ముందుకు వేసి అందుకోవడం మన గల్లీల్లో కూడా అందరూ ఆడినదే. ఆ గోడ స్థానంలో సహచరుణ్ని నిలబెట్టడమే రో చేసిన పని. ఒకడు నెట్టి ముందుకు కదులుతాడు, రెండోవాడు ఆపకుండా ఒకే తాకుతో వాడి దారిలోకి తిప్పి పంపుతాడు. మధ్యలో ఉన్న డిఫెండర్ బంతిని చూస్తే మనిషి తప్పిపోతాడు, మనిషిని చూస్తే బంతి పోతుంది.

ఇది పదకొండు మందికీ ఎలా పాకిందో చూడండి. మొదలు గోల్‌కీపర్ దగ్గరే. టెడ్ డిచ్‌బర్న్ బంతిని గాల్లోకి బలంగా తన్నడం తగ్గించి, చేత్తో ఫుల్‌బ్యాక్ ఆల్ఫ్ రామ్సేకు విసిరేవాడు. రామ్సేను సౌతాంప్టన్ నుంచి 21,000 పౌండ్లూ, ఎర్నీ జోన్స్ అనే వింగర్‌నూ (పక్కగీత వెంట దాడి చేసేవాణ్ని) ఇచ్చి తెచ్చారు. రామ్సే పరుగులో అంత చురుకు కాదు, కానీ పాస్ మాత్రం గురి తప్పదు. కుడి వింగర్ సనీ వాల్టర్స్ పక్కగీత దగ్గర ముందుభాగంలోనే ఉండిపోకుండా, రామ్సే పాస్ అందుకోవడానికి వెనక్కి దిగేవాడు. అతన్ని అంటిపెట్టుకుని కాసే ప్రత్యర్థి ఫుల్‌బ్యాక్‌కు అదే చిక్కు: వెంట వస్తే వెనకాల ఖాళీ, రాకపోతే వాల్టర్స్‌కు తీరిక. రామ్సే ముందుకు వెళ్తే ఆ చోటును బిల్ నికల్సన్ కాసేవాడు. అందుకే ఎడమవైపు రాన్ బర్జెస్ స్వేచ్ఛగా దాడికి వెళ్లగలిగాడు. మధ్యలో ఎడీ బెయిలీ ఒక్క తాకుతో బంతి తిప్పడంలో దిట్ట. అందరికన్నా ముందు లెన్ డ్యుకెమిన్, వీపు మీద డిఫెండర్ ఉన్నా కదలని గోడ. పేరు పెద్దగా వినపడదు గానీ, ఈ అమరిక అతని మీదే ఆధారపడి ఉందని నా నమ్మకం.

ఈ పద్ధతిని పిల్లలకు నేర్పాలనుకునే కోచ్‌లు ముగ్గురితో మొదలుపెట్టండి. పది మీటర్ల చతురస్రం గీసి, ముగ్గురిని మూడు మూలల్లో నిలబెట్టండి. నాలుగో మూల ఖాళీగా ఉండాలి. పాస్ ఇచ్చినవాడు వెంటనే ఖాళీ మూలకు పరుగెత్తాలి, వాడు వదిలిన మూల తర్వాతివాడికి ఖాళీ అవుతుంది. మొదట రెండు తాకులు, కుదిరాక ఒక్కటే. బంతి నేల మీదే పోవాలి, పాదం లోపలి వైపుతోనే నెట్టాలి. అయిదు నిమిషాల తర్వాత లోపల ఒక డిఫెండర్‌ను వదలండి.

తప్పులు ఎప్పుడూ అవే వస్తాయి. పాస్ పరుగెత్తేవాడి వెనక పడితే వాడు ఆగి తిరగాలి, ఆ క్షణంలో డిఫెండర్ చేరిపోతాడు. బంతి ఎప్పుడూ వాడి ముందరి కాలు వైపే పడాలి. నెట్టకముందే పరుగు మొదలుపెడితే వెళ్లే దారి ప్రత్యర్థికి తెలిసిపోతుంది. ఇద్దరు మరీ దగ్గరికి వస్తే ఒక్క డిఫెండరే ఇద్దరినీ కాస్తాడు, అప్పుడు ముగ్గురి త్రికోణం ఉండీ లేనట్టే. అన్నిటికన్నా చెడ్డది బలం చాలని పాస్. 1953 మార్చిలో విల్లా పార్క్‌లో ఎఫ్ఏ కప్ (ఓడితే ఇంటికే అన్న ఇంగ్లండ్ పోటీ) సెమీఫైనల్, బ్లాక్‌పూల్‌తో 1-1. చివరి నిమిషంలో రామ్సే తన గోల్‌కీపర్‌కు వెనక్కి నెట్టిన బంతి చేరలేదు. బ్లాక్‌పూల్ ఆటగాడు జాకీ మూడీ అందుకుని గోల్ కొట్టాడు. అంత గురి ఉన్న ఆటగాడికే అలా జరిగింది.

ఫలితాలు చెప్పుకుందాం. 1949-50లో రెండో డివిజన్‌లో 61 పాయింట్లు, రెండో స్థానం కన్నా తొమ్మిది ఎక్కువ. అందులో వరసగా 22 మ్యాచ్‌లు ఓటమి లేదు. పైకి వచ్చిన ఏడాది తొలి మ్యాచే సొంత మైదానంలో బ్లాక్‌పూల్ చేతిలో 4-1తో ఓడారు. ఈ ఆట కింది డివిజన్‌కే సరిపోతుందన్న అనుమానం అక్కడే పుట్టాల్సింది. కానీ నవంబరు 18న న్యూకాజిల్‌ను 7-0తో చిత్తుచేశారు, ఎడమ వింగర్ లెస్ మెడ్లీ హ్యాట్రిక్. 1951 ఏప్రిల్ 28న షెఫీల్డ్ వెడ్నెస్‌డే మీద డ్యుకెమిన్ కొట్టిన ఒక్క గోల్‌తో టైటిల్ ఖాయమైంది. 42 మ్యాచ్‌ల్లో 25 గెలుపులు, 60 పాయింట్లు, 82 గోల్స్. గెలుపుకు రెండే పాయింట్లున్న రోజులు అవి. మాంచెస్టర్ యునైటెడ్ నాలుగు పాయింట్లు వెనక.

మరుసటి ఏడాది ఆ రెండు జట్ల స్థానాలు తారుమారయ్యాయి. ఆ తర్వాత స్పర్స్‌కు 10, 16, 16వ స్థానాలు. కారణం వెతకడం కష్టం కాదు. నెట్టి కదిలే ఆటలో ఒక్కడు కదలకపోయినా గొలుసు తెగిపోతుంది, పదకొండు మందీ తొంభై నిమిషాలూ పరుగెత్తాలి. గెలిచిన జట్టులో ముఖ్యులు చాలామంది ముప్ఫై దాటారు లేదా దగ్గర్లో ఉన్నారు, యుద్ధం వాళ్ల మంచి ఏళ్లను మింగేసింది. పైగా శీతాకాలపు బురదలో నేల మీద నెట్టిన బంతి మధ్యలోనే ఆగిపోతుంది, ప్రత్యర్థులు కూడా మనిషికి మనిషి అంటుకోవడం నేర్చుకున్నారు. ఆ పదకొండు మందినీ కాస్త ముందుగానే ఒక్కొక్కరిగా మార్చి ఉండాల్సింది. తాను తీర్చిదిద్దిన వాళ్లను పక్కన పెట్టడం ఆయనకు చేతకాలేదేమో అనిపిస్తుంది. ఒత్తిడికి 1954లో రో ఆరోగ్యం దెబ్బతింది. 1955 ఫిబ్రవరిలో ఎఫ్ఏ కప్‌లో మూడో డివిజన్ జట్టు యార్క్ సిటీ స్పర్స్‌ను 3-1తో ఓడించింది. ఆ ఏడాదే ఆయన తప్పుకున్నాడు.

తర్వాత క్రిస్టల్ ప్యాలెస్‌కు వెళ్లి, 1960లో మేనేజరై, మొదటి సీజన్‌లోనే నాలుగో డివిజన్ నుంచి పైకి తెచ్చాడు. ఆ సీజన్‌లో జట్టు 110 గోల్స్ కొట్టింది. మూడో డివిజన్‌లో ఆడుతూనే ఆ జట్టు ఆటగాడు జానీ బర్న్ 1961 నవంబరులో ఇంగ్లండ్‌కు ఎంపికయ్యాడు. 1962 చివర్లో అనారోగ్యమే రోను మళ్లీ ఆపింది.

కింది డివిజన్ నుంచి వచ్చిన మరుసటి ఏడాదే ఛాంపియన్ కావడాన్ని 1962లో ఇప్స్‌విచ్ మళ్లీ చేసి చూపింది. దాని మేనేజర్ రామ్సే. అతని ఎడమ వింగర్ జిమ్మీ లెడ్‌బెటర్ వెనక్కి దిగి ఆడితే ఏ ఫుల్‌బ్యాక్‌కూ అంతుపట్టలేదు. వాల్టర్స్ ఆడిన తీరు గుర్తున్నవాళ్లకు అది కొత్తేమీ కాదు. అప్పటికి ఏడాది ముందు, నికల్సన్ మేనేజర్‌గా ఉండగా స్పర్స్ లీగ్‌నూ కప్‌నూ ఒకే సీజన్‌లో గెలిచింది. ఆ జట్టు కెప్టెన్ డానీ బ్లాంచ్‌ఫ్లవర్‌ను 1954 డిసెంబరులో 30,000 పౌండ్లకు ఆస్టన్ విల్లా నుంచి తెచ్చింది రోనే, అప్పటికే ఆయన ఆరోగ్యం పాడైంది.