బరువు దించుకోకుండానే దిగాం

కౌంటర్లో నా పెట్టె 31 కిలోల 200 గ్రాములు తూగింది. ముప్పై దాటితే ఒప్పుకోరు. "తీసేయండి సార్" అంది అక్కడి అమ్మాయి, తలెత్తకుండా. శంషాబాద్ ఎయిర్‌పోర్టులో నేల మీద గొంతుక్కూర్చుని పెట్టె విప్పి సకినాల డబ్బా బయటికి తీశాను. దుబాయ్‌లో ఉన్న తమ్ముడి కోసం సంక్రాంతికి అమ్మ చుట్టినవి. పక్కన ఇంకో ఇద్దరు అదే పనిలో ఉన్నారు. ఒకాయన చేతిలో తొక్కు సీసా. పెట్టెలో ఉంచితే బరువు, చేతిసంచిలో పెడితే సెక్యూరిటీ వాళ్లు పోనివ్వరు. చివరికి సాగనంపడానికొచ్చిన బామ్మర్దికి ఇద్దామని బయటికి పరిగెత్తాడు.

ఆ రాత్రి విమానంలో ఎటు చూసినా జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు మాటలే వినిపించాయి. ఎయిర్‌బస్ ఏ320 నియో, ఒక్క సీటూ ఖాళీ లేదు. లేచిన ఇరవై నిమిషాలకు, ఇంకా నీళ్ల బండి కూడా రాకముందే, మా ముందు రెండో వరసలో అలికిడైంది. యాభై దాటిన మనిషి. సెలవు మీద ఇంటికొచ్చి మళ్లీ పనికి పోతున్నాడట. చొక్కా గుండీలు విప్పేసుకున్నాడు. మెడ మీద చెమట బొట్లు బొట్లుగా దిగుతోంది. ఎడమ చేతిని కుడి చేత్తో పట్టుకుని "ఏం లేదు, గ్యాసు" అంటున్నాడు. డాక్టరెవరైనా ఉన్నారా అని మైకులో అడిగితే వెనక నుంచి ఒక మలయాళీ నర్సు వచ్చింది. నాడి పట్టుకుని ఎయిర్‌హోస్టెస్ వైపు చూసి తల అడ్డంగా ఊపింది. ఆక్సిజన్ పెట్టారు.

విమానం ఎడమకు ఒరిగింది. హైదరాబాద్‌కే వెనక్కి పోతున్నామని కెప్టెన్ చెప్పాడు.

నా పక్క కుర్రాడు "ఇప్పుడు మనల్ని గంటలు గంటలు తిప్పుతరు, తిరుచ్చి లెక్క" అన్నాడు. 2024 అక్టోబరు 11 సాయంత్రం అందరం టీవీలకు అతుక్కుపోయి చూసిందే. తిరుచిరాపల్లి నుంచి షార్జాకు లేచిన బోయింగ్ 737, హైడ్రాలిక్ లోపం వల్ల ఆ ఊరి మీదే రెండున్నర గంటలు చక్కర్లు కొట్టి, ఇంధనం కాల్చుకుని, క్షేమంగా దిగింది. నాకూ అదే గుర్తొచ్చింది. కానీ ఈ మనిషికి రెండున్నర గంటలు ఎక్కడివి?

తిప్పలేదు. నేరుగా తెచ్చి దించేశారు. చక్రాలు ఎప్పుడు ఆనాయో తెలియలేదు, అంత మెత్తగా దిగింది. ఆ తర్వాత మాత్రం రన్‌వే ఎంతకీ అయిపోలేదు. ఆగాక కిటికీలోంచి చూస్తే అంబులెన్సుతో పాటు రెండు ఫైరింజన్లు! గుండెనొప్పికి ఫైరింజన్ ఎందుకు? అందరికీ అదే అనుమానం, అదే భయం.

ఆయన్ని దించాక మమ్మల్ని సీట్లలోనే ఉంచారు. మా ఆవిడ తమ్ముడు శంషాబాద్‌లోనే విమానాల మరమ్మతు షెడ్డులో పనిచేస్తాడు. ఆ రాత్రి డ్యూటీలోనే ఉన్నాడు. ఫోన్ చేశాను.

"ఏం కాలేదు బావా, ఓవర్‌వెయిట్ దిగిన్రు, గంతే" అన్నాడు, పాల ప్యాకెట్ తెచ్చినంత తేలిగ్గా.

వాడు చెప్పిందాన్ని బట్టి, మేమెక్కిన రకం విమానం 79 టన్నుల దాకా బరువుతో లేవగలదు. దిగేటప్పుడు మాత్రం 67 టన్నుల చిల్లర లోపే ఉండాలి. దారిలో ఇంధనం ఎలాగూ కాలిపోతుంది కాబట్టి ఆ తేడా పెట్టారు. ఎక్కినంత బరువుతో రోజూ దిగేలా కాళ్లు, రెక్కలు కట్టాలంటే అంత అదనపు లోహాన్ని జీవితాంతం మోసుకు తిరగాలి. మేం ఏడెనిమిది టన్నులు ఎక్కువతో దిగి ఉంటామని వాడి అంచనా. అది కాల్చాలంటే, గంటకు రెండు రెండున్నర టన్నుల చొప్పున, మూడు గంటలు తిరగాలి.

"పారబోయొచ్చు కదరా?"

"పెద్ద విమానాలకు ఉంటది బావా, రెక్కల చివర గొట్టాలు. నీ ఏ320కి అది లేదు."

ఉన్నా పారబోత ఎక్కడ పడితే అక్కడ కుదరదు. 2020 జనవరి 14న లాస్ ఏంజెలెస్ నుంచి షాంఘైకి లేచి వెనక్కి తిరిగిన ఓ బోయింగ్ 777 తక్కువ ఎత్తులో ఇంధనం వదిలితే, బడి ఆవరణలో ఆడుకుంటున్న పిల్లల మీద పడింది. ఆవిరైపోవాలంటే బాగా పైన వదలాలి.

మరి కాళ్లు విరగవా? టేకాఫ్ బరువుతో దిగినా, నిమిషానికి 360 అడుగుల చొప్పున కిందికి దిగుతూ నేలను తాకే దెబ్బకు తట్టుకునేలానే డిజైన్ చేస్తారట. మామూలు ల్యాండింగ్ బరువుకైతే 600 అడుగులు. అందుకే పైలట్ అంత సుతారంగా ఆనించాడు. బరువు పెరిగితే దిగేటప్పుడు ముందుకు దూసుకుపోయే వేగమూ పెరుగుతుంది, బ్రేకులు మండిపోతాయి. మితిమీరి కాగితే టైరు పేలిపోకుండా, చక్రంలోని చిన్న బిరడా కరిగి గాలి వదిలేస్తుంది. ఫైరింజన్లు వచ్చింది అందుకు. మా అదృష్టం, శంషాబాద్ రన్‌వే 4,260 మీటర్లు. బ్రేకు గట్టిగా తొక్కాల్సిన పని పెద్దగా పడి ఉండదన్నాడు.

ఇదంతా తప్పు కాదు, కెప్టెన్ నిర్ణయం. కాకపోతే దిగాక కాళ్లు, టైర్లు, రెక్కలు అన్నీ పరీక్షించి సంతకం చేసేదాకా విమానం కదలకూడదు. కింద టార్చిలైట్లు పట్టుకుని తిరుగుతున్నది ఆ పరీక్ష చేసేవాళ్లే.

మూడు గంటలు పట్టింది. వెనకెవరో "ఒక్కడి కోసం ఇంతమందిని కూర్చోబెట్టిన్రు" అని గొణిగాడు. ఎవరూ వంత పాడలేదు. ఆకలేస్తోంది. నేను సకినాల డబ్బా మూత తీశాను. పక్క కుర్రాడు ఒకటి విరిచి "నువ్వులు బాగ వేసిన్రు" అని డబ్బా ముందు వరసకు అందించాడు. గొణిగినాయన దాకా వెళ్లిందో లేదో చూడలేదు.

దిగిపోయిన మనిషి సామాను విమానంలో ఉండకూడదట. కిటికీలోంచి చూస్తుంటే, సామాన్ల గదిలోంచి పెట్టెలు ఒక్కొక్కటే కిందికి దించి చీటీలు చూస్తున్నారు. చివరికి దొరికింది: ఆకుపచ్చ నైలాను తాడుతో నాలుగు వైపులా బిగించి కట్టిన పెట్టె, మీద నల్ల మార్కరుతో పెద్ద అక్షరాల్లో పేరు, ఫోన్ నంబరు, జగిత్యాల. లోడరు దాన్ని విడిగా బండి మీద పెట్టి తీసుకుపోయాడు.

తెల్లవారుతుండగా లేచాం. ముందు రెండో వరసలో సీటు ఖాళీగా ఉంది. దాని కింద ఆయన చెప్పులు అలాగే ఉన్నాయి.