మామ్మ లాక్కున్న కీరా

"గోరు గుచ్చీకు బాబూ, తొడిమ కాడ నొక్కి సూడు" అని కీరా నా చేతిలోంచి లాగేసుకుంది మామ్మ. పొద్దున్నే విజయనగరం రైతుబజారులో.

సలాడ్ కోసం నేను ఏరినవన్నీ లావుగా నిగనిగలాడుతున్నాయి. ఒకటి విరిచి చూపించింది, లోపల గింజలు ముదిరిపోయి పసుపుపచ్చగా, చుట్టూ జిగురు. ఆవిడ ఏరిచ్చినవి జానెడు కూడా లేవు, పైన చిన్న ముళ్లు, తొడిమ ఇంకా పచ్చిగానే ఉంది, ఇంటికొచ్చి కోస్తే కరకరమని చప్పుడు.

చేదుంటే తొడిమ వైపే ఎక్కువ ఉంటుంది కదా, అందుకని ఆ చివర కాస్త కోసి రుచి చూశాను. చేదు లేదు. ఇన్నేళ్లూ నిగనిగ చూసి కొన్నాను, చెప్పుకుంటే సిగ్గు.

కొత్తిమీర మాత్రం పట్టుబట్టి నేనే ఏరాను. విప్పితే కట్ట మధ్యలో సగం కుళ్లు.