దూది, టేపు, రెండు బ్యాటరీలు: నా ప్లానార్ హెడ్‌ఫోన్ మార్పుల డైరీ

మొదటి వారం

కొన్నేళ్లు వాడేసిన ఫోస్టెక్స్ టీ50ఆర్‌పీ ఎంకే3 హెడ్‌ఫోన్ ఒకటి చేతికొచ్చింది. చాలాకాలంగా నేను వెతుకుతున్నది ఇదే. ప్లానార్ హెడ్‌ఫోన్లలో నాలుగు స్క్రూలు విప్పితే తెరుచుకుని, లోపల మన ఇష్టానికి పని చేసుకోనిచ్చేవి తక్కువ. మిస్టర్‌స్పీకర్స్ వాళ్ల మ్యాడ్ డాగ్ హెడ్‌ఫోన్ కూడా టీ50ఆర్‌పీని మార్చి చేసిందే. దూది, ఫెల్ట్, టేపు లాంటి వాటితో ఒక డ్రైవర్ (శబ్దం పుట్టించే భాగం) నుంచి ఎంత రాబట్టవచ్చో చూడాలన్న కోరిక నాకు అక్కడే మొదలైంది.

ప్లానార్ గురించి రెండు మాటలు. మామూలు హెడ్‌ఫోన్‌లో డయాఫ్రమ్‌కి (కంపించి శబ్దం చేసే పొరకి) ఒక తీగచుట్ట అతికించి ఉంటుంది. అది తోస్తే డయాఫ్రమ్ కదులుతుంది. ప్లానార్‌లో విడిగా చుట్ట ఉండదు. పల్చటి ప్లాస్టిక్ పొర మీదే లోహపు గీతలు ఉంటాయి, ఆ పొరను అయస్కాంతాల వరసల మధ్య బిగిస్తారు. గీతల్లో కరెంటు పారితే పొర దాదాపు మొత్తం ఒకేసారి కదులుతుంది. యమహా 1976లో హెచ్‌పీ-1ను ఈ పద్ధతిలోనే తెచ్చి దానికి ఆర్థోడైనమిక్ అని పేరు పెట్టింది.

మొదటిసారి వినగానే గొంతులు బాగా దగ్గరగా, స్పష్టంగా అనిపించాయి. కానీ బేస్ లేదు. మృదంగం ఎడమ వైపు దెబ్బ పడిందని తెలుస్తోంది గానీ ఆ లోతైన మోత చెవికి చేరడం లేదు. ఫోన్‌కి తగిలించే చిన్న అడాప్టర్‌తో విన్నాను కాబట్టి పవర్ చాలట్లేదనుకున్నాను. ఆంప్ (సిగ్నల్ బలాన్ని పెంచే ఆంప్లిఫయర్) కట్టాలని అప్పటికప్పుడే నిర్ణయించేసుకున్నాను.

ముందు లెక్క వేసుకున్నాను. ఈ హెడ్‌ఫోన్ ఇంపిడెన్స్ (కరెంటుకి పెట్టే అడ్డు) 50 ఓములు, 1 మిల్లీవాట్‌కి వచ్చే శబ్దం 92 డెసిబెల్స్. 50 ఓముల్లో 1 మిల్లీవాట్ అంటే 0.22 వోల్టులు. నా అడాప్టర్ గరిష్ఠంగా 1 వోల్టు ఇస్తుంది. అది 20 మిల్లీవాట్లు, అంటే 105 డెసిబెల్స్. వినడానికి ఇది చాలా ఎక్కువే అనిపిస్తుంది గానీ ఇది పాటలో అన్నిటికంటే పెద్ద దెబ్బకు దొరికే స్థాయి. బాగా రికార్డ్ చేసిన పాటలో సగటు శబ్దం అంతకంటే 15, 20 డెసిబెల్స్ కింద ఉంటుంది. దానికి తోడు ఈక్వలైజర్‌లో బేస్ 6 డెసిబెల్స్ పెంచితే అక్కడ నాలుగు రెట్లు పవర్ కావాలి. 110 డెసిబెల్స్ దాకా వెసులుబాటు పెట్టుకోవాలంటే 63 మిల్లీవాట్లు, అంటే దాదాపు 1.8 వోల్టులు, 36 మిల్లీయాంపులు. ఈ మిల్లీయాంపుల అంకెను అప్పుడు నేను సరిగా పట్టించుకోలేదు.

రెండో వారం

సీమోయ్ ఆంప్ (ఇంట్లో కట్టుకోగలిగే చిన్న సర్క్యూట్) కట్టాను. ఒక 9 వోల్టుల బ్యాటరీ, ఓపీఏ2134 చిప్, బ్యాటరీ వోల్టేజీని రెండుగా చీల్చి మధ్యలో ఉత్తుత్తి గ్రౌండ్ (సున్నా వోల్టుల బిందువు) తయారు చేసే టీఎల్ఈ2426, రెండు 220 మైక్రోఫారడ్ కెపాసిటర్లు. చాలామంది దీనికి గెయిన్ (సిగ్నల్‌ని ఎన్ని రెట్లు పెంచాలన్నది) 11 పెడతారు. నేను 4 పెట్టాను. నాకు కావలసిన వోల్టేజీకి అది చాలు, శబ్దం లేనప్పుడు వినిపించే బుస కూడా తగ్గుతుంది.

తక్కువ వాల్యూమ్‌లో శుభ్రంగా ఉంది. పెంచేసరికి తేడా వచ్చింది. డ్రమ్ దెబ్బ పడిన ప్రతిసారీ పాడేవాళ్ల గొంతు గరగరమంటోంది, దెబ్బ అయిపోగానే మళ్లీ మామూలైపోతోంది. బేస్ మాత్రం మునుపటి లాగే పల్చన.

హెడ్‌ఫోన్ తీసేసి దాని స్థానంలో 47 ఓముల రెసిస్టర్ పెట్టి, 40 హెర్ట్జ్ సైన్ వేవ్ పంపి ఆసిలోస్కోప్‌లో చూశాను. గుండ్రంగా ఉండాల్సిన అల శిఖరం 1.7 వోల్టుల దగ్గర కత్తితో కోసినట్టు చదునుగా ఉంది. కారణం రెండు చోట్ల దొరికింది. ఓపీఏ2134 బయటికి ఇవ్వగలిగిన కరెంటు సుమారు 35 మిల్లీయాంపులు, 1.7 వోల్టుల శిఖరానికే అది అయిపోతుంది. రెండోది టీఎల్ఈ2426. అది 20 మిల్లీయాంపుల కోసం చేసిన భాగం. రెండు చానెళ్ల నుంచి తిరిగొచ్చే కరెంటంతా ఆ ఇరుకు దారిలోంచే వెళ్లాలి. కెపాసిటర్లు కొంత సాయపడతాయి గానీ బేస్ కిందికి దిగేకొద్దీ వాటి సాయం తగ్గిపోతుంది.

1.7 వోల్టుల శిఖరం అంటే ఆర్‌ఎంఎస్‌లో (పవర్ లెక్కకి వాడే విలువలో) 1.2 వోల్టులు. అంటే ఇంత కష్టపడి కట్టిన ఆంప్, ఫోన్ అడాప్టర్ కంటే నాకు అదనంగా ఇచ్చింది ఒకటిన్నర డెసిబెల్ మాత్రమే. 300 ఓముల హెడ్‌ఫోన్‌కి ఇదే సర్క్యూట్ హాయిగా సరిపోయేది, అక్కడ కావలసింది వోల్టేజీ. 50 ఓముల ప్లానార్ అడిగేది కరెంటు. ఆంప్ కొనేవాళ్లయినా, కట్టుకునేవాళ్లయినా "ఎన్ని వోల్టులు" అన్న దానితో పాటు "ఎన్ని మిల్లీయాంపులు" అని కూడా చూడండి.

మూడో వారం

ఉత్తుత్తి గ్రౌండ్ తీసేశాను. రెండు 9 వోల్టుల బ్యాటరీలు వరసగా కలిపి, వాటి మధ్య బిందువునే అసలు గ్రౌండ్ చేశాను. ఓపీఏ2134ని గెయిన్ వరకే ఉంచి, దాని తర్వాత ఒక్కో చానెల్‌కి ఒక ఎన్‌జేఎం4556ఏ చిప్ బఫర్‌గా (వోల్టేజీ పెంచకుండా కరెంటు మాత్రం అందించే దశగా) పెట్టాను. చిప్‌లో రెండు భాగాలుంటాయి, ఒక్కోటి 70 మిల్లీయాంపులు ఇస్తుంది. ఆ రెండింటినీ చెరొక 1 ఓమ్ రెసిస్టర్ ద్వారా కలిపితే ఒక్కో చానెల్‌కి 140 వస్తుంది. ఈ ఏర్పాటు నాది కాదు, 2011లో వచ్చిన ఓ2 ఆంప్‌లోది. ఆ డిజైన్‌ని అందరికీ ఉచితంగా ఇచ్చినందుకు ఇప్పటికీ కృతజ్ఞతగా ఉంటుంది.

ఇక్కడే ఒక ప్రమాదం తప్పింది. ఒకే బ్యాటరీని ఆపే స్విచ్ పెట్టాను. రెండో బ్యాటరీ అలాగే ఉండిపోవడంతో ఆపిన క్షణంలో అవుట్‌పుట్‌లో కొన్ని వోల్టుల డీసీ (దిశ మారని కరెంటు) వచ్చింది. పరీక్షకి పెట్టిన పాత ఇయర్‌ఫోన్ ధడ్ మంది. అదే డీసీ ప్లానార్ పొర మీది గీతల్లో నిలిచిపోతే అవి వేడెక్కుతాయి. రెండు బ్యాటరీలనూ ఒకేసారి తెంపే స్విచ్ వేశాను. ఇప్పుడు ఎప్పుడైనా ముందు జాక్ పీకేస్తాను, ఆ తర్వాతే ఆంప్ ఆపుతాను. ఏ ఆంప్ కట్టినా హెడ్‌ఫోన్ తగిలించే ముందు మల్టీమీటర్‌తో అవుట్‌పుట్‌లో డీసీ కొలవండి. నాది ఎడమ 3, కుడి 4 మిల్లీవోల్టులు. 20 దాటితే ఏదో తేడా ఉన్నట్టే.

అదే రెసిస్టర్‌తో మళ్లీ చూస్తే అల 6 వోల్టుల శిఖరం దాకా చక్కగా వచ్చింది. అంటే 11 డెసిబెల్స్ అదనం. పాటేమీ లేకున్నా సర్క్యూట్ 26 మిల్లీయాంపులు తాగుతుంది, బ్యాటరీల జత 12 గంటలు దాటట్లేదు. అది భరించదగ్గదే.

గొంతులో గరగర పూర్తిగా పోయింది. బేస్ మాత్రం రాలేదు.

నాలుగో వారం

ఒక రాత్రి వింటూ వింటూ తల దిండుకి ఆనించాను. కుడి చెవిలో ఉన్నట్టుండి బేస్ వచ్చింది. లేచి కూర్చుని రెండు కప్పులనూ అరచేతులతో మెల్లగా తలకి నొక్కిపట్టాను. మృదంగం నిండుగా వచ్చింది. వదిలేస్తే పోయింది. మళ్లీ నొక్కితే మళ్లీ వచ్చింది. పావుగంట అలా నొక్కుతూ, వదులుతూ కూర్చున్నాను.

లోపం పవర్‌లో లేదు, ఇయర్‌ప్యాడ్లలో ఉంది. వాడివాడి చదునైపోయిన పాత ప్యాడ్లు చెవి కింద, దవడ మూల దగ్గర ఆనడం లేదు. చెవికీ డ్రైవర్‌కీ మధ్య ఉన్న గాలి ఆ సందులోంచి బయటికి పోతుంటే పొర ఎంత కదిలినా కింది స్వరాలకు ఒత్తిడి నిలవదు. కళ్లజోడు కాడ కూడా ఇదే పని చేస్తుంది. ఏ హెడ్‌ఫోన్‌లోనైనా బేస్ తక్కువ అనిపిస్తే ముందు ఈ అరచేతుల పరీక్ష చేయండి, ఆంప్ సంగతి తర్వాత.

లోతైన, మెత్తటి ఫోమ్ ఉన్న తోలు ప్యాడ్లు వేశాను. రంధ్రాలున్న తోలు వద్దు, గాలి ఆగదు. వేసేటప్పుడూ తీసేటప్పుడూ ఒక జాగ్రత్త: కప్పుని తలకి ఒక్కసారిగా అదమకండి. గాలికి దారి లేక పొర వంగి చిటపటమంటుంది, మడత పడితే ఇక అంతే.

కొలవడానికి ఒక చెక్కపలకకి రంధ్రం చేసి, కొలతల మైక్ మూతి పలకతో సమానంగా వచ్చేలా బిగించాను. కప్పుని దాని మీద పెట్టి, పైన అరకిలో బరువు ఉంచి, రూమ్ ఈక్యూ విజార్డ్ సాఫ్ట్‌వేర్‌తో స్వీప్ (కింది స్వరం నుంచి పై స్వరం దాకా వరసగా మోగించి, స్థాయిల్ని గ్రాఫ్ గీతగా చూపే కొలత) తీశాను. ప్రతిసారీ కప్పుని ఎత్తి మళ్లీ పెట్టి ఐదు కొలతలు, వాటి సగటు. పలక చెవి కాదు కాబట్టి ఈ గీతల్ని అసలు ధ్వనిగా నమ్మను, పైస్థాయి ట్రెబుల్ అయితే అసలే నమ్మను. మార్పుకి ముందు, తర్వాత పోల్చడానికి మాత్రం బాగా పనికొస్తాయి. 40 హెర్ట్జ్ దగ్గర పాత ప్యాడ్లకీ కొత్త వాటికీ తేడా 9 డెసిబెల్స్.

ఆరో వారం

ఇక కప్పు లోపలికి. ప్యాడ్ లాగేసి నాలుగు స్క్రూలు తీస్తే డ్రైవర్ బిగించిన బాఫిల్ పైకి వస్తుంది. వైర్లు పొట్టివి, నెమ్మదిగా ఎత్తాలి. అయస్కాంతాలు స్క్రూడ్రైవర్‌ని గట్టిగా లాగుతాయి, అందుకే రెండో చేత్తో డ్రైవర్ మీద గట్టి అట్టముక్క అడ్డం పెట్టుకుని పని చేశాను. బల్ల మీద ఇనుప రజను ఒక్క రేణువు కూడా ఉండకూడదు. పొరకీ అయస్కాంతానికీ మధ్య చేరితే ప్రతి బేస్ దెబ్బకీ గరగరమంటుంది.

బాఫిల్‌లో చిన్న చిన్న గుంటలున్నాయి. వాటిలో ఆరిపోని మోడలింగ్ క్లే నింపాను, ఒక్కో వైపు 18 గ్రాములు. బాఫిల్ బరువెక్కితే పొరతో పాటు అది కంపించడం తగ్గుతుంది. గోటితో తట్టి చూస్తే ముందు టక్ మనేది ఇప్పుడు డుబ్ అంటోంది. గొంతుల వెనక ఉన్న సన్నటి మసక పోయింది. బరువు మాత్రం నెత్తికి తెలుస్తోంది.

తర్వాత దూది. పొర ముందుకి ఎంత శబ్దం పంపుతుందో వెనక్కీ అంతే పంపుతుంది. వెనక్కి వెళ్లింది కప్పు గోడకి తగిలి, పల్చటి పొరని దాటి మళ్లీ చెవిలోకే వస్తుంది. డబ్బాలోంచి పాడుతున్నట్టు అనిపించేది దాని వల్లే. దూదిని విడదీసి, ఉబ్బేలా చేసి వదులుగా నింపాలి. మొదటిసారి కంటి అంచనాతో నింపితే 300 హెర్ట్జ్ దగ్గర రెండు చెవులకీ 3 డెసిబెల్స్ తేడా వచ్చింది, గాయని గొంతు ఎడమకి జరిగిపోయింది. నగలు తూచే లాంటి చిన్న త్రాసు తెచ్చి రెండు వైపులా 1.5 గ్రాములు పెట్టాక తేడా 1 డెసిబెల్ లోపుకి దిగింది. ఒకసారి 3 గ్రాములు కూడా పెట్టి చూశాను. శుభ్రంగా ఉంది కానీ ప్రాణం లేదు. తీసేశాను.

డ్రైవర్ వెనక కంపెనీ అతికించిన తెల్లటి ఫెల్ట్ పొర జోలికి వెళ్లలేదు. గాలికి అది పెట్టే అడ్డే పొర కంపనాన్ని అదుపులో ఉంచుతుంది. చింపితే వెనక్కి తేలేం.

కప్పు గాలి రంధ్రాలకే ఎక్కువ సమయం పట్టింది. పూర్తిగా తెరిచి ఉంచితే 100 హెర్ట్జ్ చుట్టూ ఉబ్బు, డ్రమ్ములన్నీ ఒకేలా మోగుతాయి. ప్లాస్టిక్ టేపుతో మూసేస్తే బేస్ బిగుసుకుపోయి పలచబడింది. గాలి కొద్దిగా ఆడనిచ్చే సర్జికల్ పేపర్ టేపు ఒక పొర వేసి మూడింట రెండు వంతులు మూస్తే నాకు నచ్చిన చోటు దొరికింది. రోజుకి ఒక్క మార్పే చేశాను. దూదీ టేపూ ఒకే రోజు మార్చిన రెండు రోజులూ వృథా అయ్యాయి, ఏది దేనివల్ల వచ్చిందో తేలలేదు.

ఎనిమిదో వారం

ఆసక్తితో ఇంకొకటి చూశాను. ఆంప్‌కీ హెడ్‌ఫోన్‌కీ మధ్య 100 ఓముల రెసిస్టర్ పెట్టి స్వీప్ తీశాను. శబ్దం తగ్గింది గానీ గీత ఆకారం మారలేదు. ఈ ప్లానార్ ఇంపిడెన్స్ 30 హెర్ట్జ్ నుంచి 10 కిలోహెర్ట్జ్ దాకా దాదాపు 50 దగ్గరే నిలిచి ఉంటుంది. చుట్ట ఉన్న మామూలు హెడ్‌ఫోన్‌లో అయితే బేస్ దగ్గర ఇంపిడెన్స్ పెరుగుతుంది కాబట్టి ఆకారం మారేది. అందుకే ప్లానార్‌కి ఆంప్ అవుట్‌పుట్ ఇంపిడెన్స్ గురించి టెన్షన్ పడక్కర్లేదు.

చివరికి ఈక్వలైజర్ ఏపీఓ అనే కంప్యూటర్ సాఫ్ట్‌వేర్‌లో 90 హెర్ట్జ్ కింద 4 డెసిబెల్స్ పెంచి, ప్రీఆంప్ (మొత్తం స్థాయి) 4 తగ్గించాను. పెంచినంతా ముందే తగ్గించకపోతే డిజిటల్ దశలోనే అల తల తెగుతుంది. ప్యాడ్లు బాగుపడక ముందు ఇదే పని చేయబోతే 12 దాకా పెంచాల్సి వచ్చింది, అప్పుడు ఆ సీమోయ్ గగ్గోలు పెట్టింది.

శబ్దంలో గరగర తగ్గినకొద్దీ తెలియకుండానే వాల్యూమ్ పెరిగిపోతోందని గమనించాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు 80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటలు. పలక మీద కొలిచి, నేను వినే పాటలకి ఆ స్థాయి వచ్చే చోట వాల్యూమ్ నాబ్ పక్కన మార్కర్‌తో చిన్న గీత పెట్టుకున్నాను.

మిగిలిన పని: కుడి కప్పులో టేపు అంచు వేడికి కొంచెం లేచింది, మార్చాలి. క్లే బరువుకి తలపట్టీ కింద మెత్త వేయాలి. నిన్న రాత్రి మొదటి వారం విన్న అదే మృదంగం రికార్డింగ్ మళ్లీ పెట్టాను. చేతులు ఒళ్లో ఉన్నాయి. ఎడమ వైపు దెబ్బ పడ్డాక చర్మం మీద వేళ్లు ఆనించి ఆ మోతని ఆపుతున్న చోటు కూడా వినిపించింది.