వినే మూడో మనిషి

నేను కోచ్‌ని అని చెప్తే మా అపార్ట్‌మెంట్‌లో ఇప్పటికీ మొదట వచ్చే ప్రశ్న "ఎంసెట్‌కా, ఐఈఎల్‌టీఎస్‌కా?" అనే. వాళ్ల తప్పు లేదు, హైదరాబాద్‌లో కోచింగ్ అంటే అమీర్‌పేటే గుర్తొస్తుంది. ఎదుటివాళ్లు తమ సంగతి తామే ఆలోచించుకునేలా కూర్చుని వినడం, అడగడం కూడా ఒక వృత్తేనని మా అమ్మకి చెప్పడానికే నాకు చాలా రోజులు పట్టింది.

పద్నాలుగేళ్లు సాఫ్ట్‌వేర్‌లో చేసి మానేశాక ఇందులోకి వచ్చాను. అంతర్జాతీయ కోచింగ్ ఫెడరేషన్ వాళ్లు కోచ్‌లకిచ్చే సర్టిఫికెట్లలో మొదటి మెట్టు ఏసీసీ, అంటే అసోసియేట్ సర్టిఫైడ్ కోచ్. దానికి 60 గంటల శిక్షణ, 100 గంటల కోచింగ్ అనుభవం, కనీసం 3 నెలల మీద సాగే 10 గంటల మెంటర్ కోచింగ్ (అనుభవమున్న కోచ్ మన కోచింగ్ తీరు గమనించి చెప్పడం) కావాలి, ఆ తర్వాత పరీక్ష. గంటలు లెక్కపెట్టుకోవడం నాకు కష్టం అనిపించలేదు. కష్టమైంది ఈ మనుషుల్లో నేనూ ఒకదాన్ని అనుకోవడం.

మొదటిసారి కోచ్‌ల సమావేశానికి వెళ్లిన రోజు బాగా గుర్తు. అందరూ ఇంగ్లిష్‌లో ధారగా మాట్లాడుతున్నారు, పెద్ద కంపెనీల సీఈఓలకి కోచింగ్ ఇస్తున్నామంటున్నారు, నేను కాఫీ కప్పు పట్టుకుని గోడ పక్కన నిలబడి, టైమ్ ఎప్పుడవుతుందా అని చూస్తూ ఉండిపోయాను. ఇంటికొచ్చాక నాకు తోచింది ఒక్కటే: నాలో ఇంకా ఏదో తక్కువుంది. అక్కడి నుంచి కోర్సుల మీద కోర్సులు చేశాను. ఎన్‌ఎల్‌పీ అన్నారు, ఎన్నియాగ్రామ్ అన్నారు, టీమ్ కోచింగ్ అన్నారు. ఏడాదిన్నర పాటు డబ్బు కట్టి సర్టిఫికెట్లు తెచ్చుకున్నాను, ఇంకొక్కటి అయితే ధైర్యం వస్తుందని ప్రతిసారీ అనుకున్నాను, రాలేదు.

మార్పు వచ్చింది నా సెషన్ ఒకటి వేరే మనిషి విన్నప్పుడు. క్లయింట్ అనుమతితో రికార్డ్ చేసినది, మెంటర్ నాతో పాటు కూర్చుని మొత్తం విన్నారు. నేను అడిగిన ప్రశ్నలు పదకొండు. అందులో ఏడు ప్రశ్నలు కావు, సలహాలు. "ఒకసారి మీ మేనేజర్‌తో నేరుగా మాట్లాడి చూశారా?" అంటే మాట్లాడమని చెప్పడమే కదా. మన ఇళ్లలో పెద్దవాళ్లు సగం విని మందు చెప్పేస్తారు, అది ప్రేమ, నేనూ ఆ ప్రేమలోనే పెరిగాను. బాధ చెప్పుకునే మనిషి ముందు ఏమీ చెప్పకుండా కూర్చుంటే నాకు వాళ్లని పట్టించుకోనట్టే ఉండేది. ఆ సంగతి ఏ కోర్సులోనూ నాకు తెలిసి రాలేదు, నా గొంతు నేనే వింటుంటే పక్కన ఒక మనిషి తొందరపడకుండా కూర్చున్నప్పుడు తెలిసింది.

ఆ తర్వాత ముగ్గురం కలిసి సాధన మొదలుపెట్టాం. ఒకరు కోచ్, ఒకరు క్లయింట్, మూడోవాళ్లు ఊరికే వినాలి. ఒకరోజు నేను క్లయింట్‌ని. కోచ్ వంతు విజయవాడ ఆవిడది. ఇంగ్లిష్‌లో "వాట్ డు యు వాంట్" అని అడిగేది ఆవిడ తెలుగులో అడగబోయి ఆగిపోయింది, ఎందుకంటే "మీకేం కావాలి?" అంటే కొట్టువాడు అడిగినట్టుంటుంది. కాసేపు ఆలోచించి, "ఇవాళ ఏది తేలితే మీ మనసు కుదుటపడుతుంది, అక్కా?" అంది. రెండేళ్లుగా నేను "కెరీర్ ట్రాన్సిషన్" అని చెప్పుకుంటూ వచ్చిన విషయం ఒక్క మాటలో బయటికొచ్చేసింది: ఉద్యోగం మానేసినప్పటి నుంచి నాన్న నాతో సరిగ్గా మాట్లాడటం లేదు. చివర్లో మూడో ఆవిడ తను చూసింది చెప్పింది, తెలుగులోకి రాగానే నా భుజాలు కిందికి దిగాయట. ఇన్నాళ్లూ బిగబట్టుకుని ఉన్నానని నాకే తెలియదు.

ఈ పనిలో ఒంటరితనం ఎక్కువ. క్లయింట్ చెప్పింది ఇంట్లో చెప్పకూడదు, స్నేహితులతో పంచుకోకూడదు, బరువైన గంట గడిచాక వంటింట్లోకి వెళ్లి పప్పు కడుగుతూ అంతా లోపలే పెట్టుకోవాలి. 1995లో థామస్ లెనార్డ్ ఈ ఫెడరేషన్‌ని మొదలుపెట్టింది కోచ్‌లు ఒకరికొకరు తోడుండి వృత్తిని పెంచుకోవడానికే అని తర్వాత చదివాను, మొదటి సమావేశానికి ముందే తెలిసుంటే గోడ పక్కన నిలబడేదాన్ని కాదేమో. మూడేళ్లకోసారి 40 గంటల చదువు చూపించి సర్టిఫికెట్ రెన్యువల్ చేసుకోవాలి, అది అవసరమే, కాదనను. కానీ కొత్తగా వచ్చేవాళ్లు అడిగితే నేను చెప్పేది, తర్వాతి కోర్సుకి డబ్బు కట్టే ముందు మీ సెషన్ వినడానికి ఇద్దర్ని వెతుక్కోండి అనే. క్లయింట్లని పంపిస్తారని కాదు, అలా లెక్కేసుకుని వచ్చినవాళ్లు రెండు నెలల్లో వెళ్లిపోవడం చూశాను.

మా ముగ్గురిలో మూడో ఆవిడ డల్లాస్‌లో ఉంటుంది. గురువారం పొద్దున ఆరున్నరకి మేం కూర్చుంటే తనకి బుధవారం రాత్రి. తెలుగులో పనికొచ్చే ప్రశ్నలు ఒక నోట్‌బుక్‌లో రాసుకుంటున్నాం. "అవేర్‌నెస్"కి మాట ఇంకా కుదరలేదు, నేను "ఎరుక" అంటాను, డల్లాస్ ఆవిడ అది ప్రవచనంలా ఉందంటుంది. ఈ గురువారం రికార్డింగ్ తెచ్చే వంతు నాది.