షుగర్, బీపీ, మెదడు స్కాన్: నా అనుభవం

నాకు షుగర్ వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. బీపీ అంతకు ముందు నుంచే ఉంది. ట్రైగ్లిజరైడ్లు ఎక్కువ, మంచి కొలెస్ట్రాల్ తక్కువ, నడుము చుట్టుకొలతా ఎక్కువే. ఈ ఐదింటిలో మూడు ఉంటే చాలు, మెటబాలిక్ సిండ్రోమ్ అంటారు. నాకు ఐదూ ఉన్నాయి. ఇన్నేళ్లలో ఏటా కళ్లు చూపించుకున్నాను, కిడ్నీ పరీక్షలు చేయించుకున్నాను, పాదాల్లో స్పర్శ తగ్గిందేమో చూడమన్నాను, ఈసీజీ తీయించుకున్నాను. మెదడు ఊసు మాత్రం ఏ చెకప్‌లోనూ రాలేదు. 65 ఏళ్లు దాటిన షుగర్ పేషెంట్లకు జ్ఞాపకశక్తినీ ఆలోచననూ కూడా క్రమం తప్పకుండా పరీక్షించాలని అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ మార్గదర్శకాల్లోనే ఉంది. నా వయసువాళ్లలో ఈ సంగతి తెలిసినవాళ్లు తక్కువ. అందుకే ఇదంతా రాస్తున్నాను.

నా విషయంలో ఇది మరుపుతో మొదలవలేదు. పేర్లు గుర్తుండేవి, ఏ వస్తువు ఎక్కడ పెట్టానో గుర్తుండేది. కానీ ఉద్యోగమంతా అకౌంట్స్‌లోనే చేసిన నాకు ఇంటి నెలవారీ లెక్క చూడటం బరువైపోయింది. కూడిక తప్పేది కాదు. బ్యాంకు పుస్తకం, బిల్లులు, నోట్‌బుక్ మూడూ ముందు పెట్టుకుంటే ఒకదాని నుంచి ఇంకోదానికి వెళ్లేసరికి ఎక్కడున్నానో తెలిసేది కాదు. వారం మందులు పెట్టెలో సర్దడానికి పూటంతా పట్టేది. ఇద్దరు ఒకేసారి మాట్లాడుతుంటే నేను మౌనంగా ఉండిపోయేదాన్ని. మా అమ్మాయి కొన్నాళ్లు గమనించి ఒకరోజు అంది: "అమ్మా, నువ్వు మరిచిపోవట్లేదు. నీకు అన్నీ ఆలస్యమవుతున్నాయి." తర్వాత డాక్టరుకు అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చింది ఆ మాటే.

మొదటిరోజు న్యూరాలజిస్టు నాతో మాట్లాడాక, నన్ను బయట కూర్చోమని మా అమ్మాయితో విడిగా మాట్లాడారు. నాకు కొంచెం కష్టమనిపించింది. కానీ అది అవసరమే. మనలో వచ్చిన మార్పు మనకన్నా పక్కనున్నవాళ్లకే ముందు కనిపిస్తుంది. గురక ఉందా, వినికిడి ఎలా ఉంది, దిగులుగా ఉంటోందా, రాత్రుళ్లు చెమటలు పట్టి మెలకువ వస్తోందా అని అడిగారు. చివరిదానికి అవునన్నాను. ఆ ప్రశ్న ఎందుకు అడిగారో తర్వాత అర్థమైంది.

స్కాన్‌కు ముందు రక్తపరీక్షలు. థైరాయిడ్ బాగానే ఉంది, బీ12 బాగా తక్కువ. ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లలో బీ12 తగ్గడం తెలిసిన విషయమే. ఆ లోపం ఒక్కటే మతిని మందగింపజేయగలదు, పైగా దాన్ని సరిచేయవచ్చు. ఇంజక్షన్లు మొదలుపెట్టారు.

తర్వాత జ్ఞాపకశక్తినీ ఆలోచననూ చూసే మోకా అనే పరీక్ష. 30 మార్కులు, 26, ఆపైన వస్తే మామూలుగా ఉన్నట్టు లెక్క. తెలుగులోనే చేశారు. వందలోంచి ఏడు తీసేస్తూ పొమ్మంటే చకచకా చెప్పాను, అది నా వృత్తి. అంకెలనూ అక్షరాలనూ మార్చి మార్చి గీతతో కలపాలి, ఒకటి నుంచి మొదటి అక్షరానికి, అక్కడి నుంచి రెండుకి, అలా. అక్కడ ఆగిపోయాను. ఏం చేయాలో తెలుసు, చెయ్యి కదల్లేదు. గడియారం బొమ్మలో ముల్లులు పెట్టడానికి చాలాసేపు పట్టింది. మొదట చెప్పిన ఐదు మాటల్లో చివర అడిగితే రెండే వచ్చాయి. "ఒకటి శరీరంలో భాగం" అని కాస్త అందించగానే ఇంకో రెండు గుర్తొచ్చాయి.

నాకొచ్చింది 23. మార్కు కన్నా ఎక్కడ పోయాయన్నదే ముఖ్యమని డాక్టరుగారు అన్నారు. కాస్త అందిస్తే మాట గుర్తొచ్చిందంటే అది లోపల నమోదైందని, బయటికి తీయడం దగ్గరే జాప్యమని అర్థమట. అల్జీమర్స్‌లో చాలాసార్లు అందించినా రాదట, ఎందుకంటే నమోదే సరిగా జరగదు. నాలో వేగం, ఒక పని నుంచి మరో పనికి మారడం దెబ్బతిన్నాయి. ఇది మెదడులోని సన్న రక్తనాళాల జబ్బులో ఎక్కువగా కనిపించే తీరు. అది తేల్చడానికే ఎంఆర్ఐ రాశారు. సీటీ చాలదా అని అడిగాను. పెద్ద స్ట్రోక్, రక్తస్రావం, గడ్డ లాంటివి సీటీలో తెలుస్తాయి కానీ సన్న నాళాల మార్పులు ఎంఆర్ఐలో కనిపించినంత బాగా కనిపించవన్నారు.

ఎంఆర్ఐ గురించి కాస్త వివరంగా రాస్తాను, చాలామంది భయపడేది దానికే. అందులో ఎక్స్‌రేలు ఉండవు, పనిచేసేది బలమైన అయస్కాంతం. అందుకే ఒంటి మీద లోహం ఉండకూడదు. నగలు, హెయిర్‌పిన్నులు, వినికిడి యంత్రం, కట్టుడు పళ్లు తీసేయాలి. పేస్‌మేకర్ ఉంటే ముందే చెప్పాలి. షుగర్ ఉన్నవాళ్లు ఇంకొన్ని గుర్తుంచుకోవాలి. ఇన్సులిన్ పంపు లోపలికి తీసుకెళ్లకూడదు. చేతికి అంటించే గ్లూకోజ్ సెన్సర్లు కొన్నింటిని తీయాల్సి ఉంటుంది. మందు పట్టీల్లో కొన్నింటికి సన్నని లోహపు పొర ఉంటుంది, వాటి గురించీ చెప్పాలి. జ్ఞాపకశక్తి కోసం తీసే ఎంఆర్ఐకి బొమ్మ స్పష్టంగా రావడానికి ఇచ్చే కాంట్రాస్ట్ ఇంజక్షన్ మామూలుగా అక్కర్లేదు. కిడ్నీలు బలహీనంగా ఉన్నవాళ్లకు అదొక నిశ్చింత. నన్ను ఉపవాసం ఉండమనలేదు కూడా. ఎప్పటిలాగే తిని, మందు వేసుకుని రమ్మన్నారు. స్కాన్ అంటే పరగడుపున వెళ్లాలని తమంతట తామే అనుకుని మాత్ర వేసుకుని వచ్చేవాళ్లుంటారని, లోపల షుగర్ పడిపోతే ప్రమాదమని అక్కడి టెక్నీషియన్ చెప్పాడు.

తలకు పంజరంలాంటి చట్రం బిగించారు, చెవులకు రక్షణ పెట్టారు, చేతికి రబ్బరు బుడ్డి ఇచ్చారు, నొక్కితే ఆపేస్తారు. చప్పుడు నిజంగానే ఎక్కువ. కాసేపు టకటక, కాసేపు ఒకే శ్రుతిలో గీపెట్టడం. ఒక్కో చప్పుడూ ఒక్కో రకం బొమ్మ తీయడమని ముందే చెప్పారు కాబట్టి అది మారినప్పుడల్లా ఒకటి అయిపోయిందని ధైర్యం తెచ్చుకున్నాను. లోపలికి వెళ్లకముందే కళ్లు మూసుకోవాలి, లోపల తెరవకూడదు. నాకు బాగా ఉపయోగపడింది అదే. దాదాపు అరగంటలో అయిపోయింది.

రిపోర్టు డాక్టరు కంటే ముందు మా చేతికొచ్చింది. "వైట్ మేటర్ హైపర్‌ఇంటెన్సిటీస్, ఫజెకాస్ గ్రేడ్ 2. పాత లాక్యునార్ ఇన్‌ఫార్క్ట్. ఎంటీఏ స్కోర్ 1." ఆ మాటలు చదివి ఇద్దరికీ టెన్షన్. ఆ రాత్రి నిద్ర లేదు. మర్నాడు డాక్టరుగారు స్క్రీన్ మీద బొమ్మలు పెట్టి ఓపిగ్గా చూపించారు. ఫ్లెయిర్ అనే బొమ్మలో మెదడు చుట్టూ ఉండే నీరు నల్లగా మారిపోతుంది, దెబ్బతిన్న చోట్లు తెల్లగా వెలుగుతాయి. నా మెదడు లోతట్టులో తెల్లటి మచ్చలు (రిపోర్టులోని హైపర్‌ఇంటెన్సిటీస్ ఇవే) కొన్నిచోట్ల ఒకదానితో ఒకటి కలుస్తున్నాయి. ఫజెకాస్ అనేది ఆ మచ్చలను సున్నా నుంచి మూడు వరకు కొలిచే కొలత, 1987 నుంచి వాడుకలో ఉంది. 60 దాటినవాళ్లలో కాసిని మచ్చలు మామూలే. కలవడం మొదలైతేనే పట్టించుకోవాలి.

ఆ మచ్చలు ఎందుకొస్తాయో డాక్టరుగారు చెప్పిన తీరు నాకు బాగా అర్థమైంది. మెదడు లోపలి తెల్లని భాగానికి రక్తం తెచ్చే నాళాలు పొడవుగా, సన్నగా ఉంటాయి, ఒకటి మూసుకుపోతే ఆదుకునే ఇంకోటి అక్కడ తక్కువ. కాలువ మొదట్లో ప్రవాహం తగ్గితే ముందు ఎండేది శివారు పొలాలే కదా, అలాగన్నమాట. ఏళ్ల తరబడి బీపీ, షుగర్ ఆ నాళాల గోడలను మందంగా, గట్టిగా చేస్తాయి. శరీర బరువులో మెదడు 2 శాతమే అయినా విశ్రాంతిగా ఉన్నప్పుడు సైతం శరీరం వాడే శక్తిలో సుమారు 20 శాతం దానికే కావాలి, కొద్దిపాటి కొరతనూ తట్టుకోలేదు. పైగా తెల్లని భాగమంటే మెదడులో ఒకచోటికీ ఇంకోచోటికీ సందేశాలు మోసే తీగలు. అవి పాడైతే ముందు తగ్గేది వేగమే. నా లెక్కల పుస్తకం దగ్గర జరుగుతున్నది నాకప్పుడు కళ్లకు కట్టింది.

లాక్యునార్ ఇన్‌ఫార్క్ట్ అంటే ఒక చిన్న నాళం మూసుకుపోయి మిగిలిన గుంట. మా అమ్మాయి బిత్తరపోయింది: "అమ్మకు స్ట్రోక్ ఎప్పుడొచ్చింది?" చెయ్యి పడిపోకుండా, మాట తడబడకుండా, తెలియకుండానే జరిగిపోయేవీ ఉంటాయట. ఇక ఎంటీఏ అనేది జ్ఞాపకాలను నమోదు చేసే హిప్పోక్యాంపస్ ప్రాంతం ఎంత కుంచించుకుపోయిందో సున్నా నుంచి నాలుగు వరకు చెప్పే లెక్క. నా వయసుకు ఒకటి అంటే కంగారు లేదు.

పెట్ స్కాన్ కూడా చేయిస్తే పూర్తిగా తెలిసిపోతుంది కదా అని మా అమ్మాయి అడిగింది. ఆవిడ వద్దన్నారు. ఎఫ్‌డీజీ పెట్‌లో గ్లూకోజ్‌లాంటి పదార్థాన్ని ఎక్కించి మెదడు ఎక్కడ ఎంత వాడుకుంటోందో చూస్తారు. రక్తంలో షుగర్ ఎక్కువగా ఉంటే అది ఆ పదార్థంతో పోటీపడి బొమ్మను పాడుచేస్తుంది. అంతకన్నా ముఖ్యం, దాని ఫలితం ఏదైనా ఇప్పుడు నా వైద్యం మారదన్నారు. చేయాల్సింది మారనప్పుడు ఇంకో స్కాన్ దేనికన్న మాట నాకు నచ్చింది.

రక్తనాళాల వల్ల వచ్చిన మైల్డ్ కాగ్నిటివ్ ఇంపెయిర్‌మెంట్, అంటే ఆలోచనాశక్తి కొద్దిగా తగ్గడం, అని తేల్చారు. నా పనులు నేను చేసుకోగలుగుతున్నాను కాబట్టి దీన్ని డిమెన్షియా అనరు. అటువైపు వెళ్లవచ్చు, ఏళ్ల తరబడి ఇక్కడే ఆగవచ్చు, కొందరిలో మెరుగుపడవచ్చు కూడా.

వైద్యంలో నన్ను ఆశ్చర్యపరిచింది షుగర్ విషయం. నా హెచ్‌బీఏ1సీ, అంటే మూడు నెలల షుగర్ సగటు చెప్పే పరీక్ష, 6.6. చూసినవాళ్లందరూ మెచ్చుకునేవాళ్లు. న్యూరాలజిస్టు మాత్రం షుగర్ డాక్టరుకు చెప్పి నా చేతికి సెన్సర్ పెట్టించారు, స్కాన్‌కు ముందు తీసింది దాన్నే. రాత్రి రెండు గంటల ప్రాంతంలో షుగర్ 60 కిందికి జారడం అందులో పదేపదే కనిపించింది. హెచ్‌బీఏ1సీ సగటు మాత్రమే, పడిపోయిన గంటలు దాంట్లో కనిపించవు. తీవ్రంగా షుగర్ పడిపోతుండే పెద్దవాళ్లలో డిమెన్షియా ఎక్కువగా కనిపించిందని అధ్యయనాలున్నాయి. 2011లో వెలువడిన అకార్డ్-మైండ్ పరిశోధన గురించి కూడా షుగర్ డాక్టరుగారు చెప్పారు. షుగర్‌ను మరీ గట్టిగా తగ్గించినవాళ్లలో మెదడు పరిమాణం కొద్దిగా మెరుగ్గా మిగిలింది, కానీ ఆలోచనాశక్తిలో తేడా రాలేదు. అది భాగంగా ఉన్న అసలు అకార్డ్ ట్రయల్‌లో అంత గట్టిగా తగ్గించిన వర్గంలో మరణాలు పెరిగాయి, ఆ పద్ధతినే ఆపేశారు. రాత్రిపూట షుగర్‌ను దించేస్తున్న మాత్ర మార్చి, నా లక్ష్యాన్ని 7.5 దగ్గరికి సడలించారు. చెమటలు పట్టి లేవడం పోయింది.

బీపీ మాత్రం బిగించారు. పై అంకెను 140 కన్నా తక్కువకు కాక 120 కన్నా తక్కువకు తెస్తే మైల్డ్ కాగ్నిటివ్ ఇంపెయిర్‌మెంట్ 19 శాతం తగ్గిందని, తెల్ల మచ్చలు పెరగడమూ నెమ్మదించిందని 2019లో స్ప్రింట్ మైండ్ అనే పరిశోధన చూపించింది. అందులో షుగర్ ఉన్నవాళ్లను చేర్చుకోలేదని డాక్టరుగారు దాచకుండా చెప్పారు. కళ్లు తిరిగి పడిపోకుండా నాకు 130 లోపు పెట్టారు. నిలబడ్డాక కూడా బీపీ చూసి రాసుకోవాలి. కొలెస్ట్రాల్ మాత్ర, నడక, కొంచెం బరువులెత్తే వ్యాయామం తోడయ్యాయి.

దాదాపు ఏడాది తర్వాత మోకా వేరే ప్రశ్నలతో మళ్లీ పెడితే 25 వచ్చింది. అంకెలూ అక్షరాలూ కలిపే గీత ఈసారి పూర్తి చేశాను, నెమ్మదిగానే. ఒకటి రెండు మార్కులు రోజును బట్టి మారతాయి, బీ12 పాత్ర కూడా ఉండవచ్చు, మరీ సంబరపడొద్దన్నారు. నేను సంతోషించాను. ఎంఆర్ఐ ఇప్పట్లో అక్కర్లేదట. తీసినప్పుడు వీలైతే అదే మెషిన్‌లో తీయాలి, పోల్చడానికి రిపోర్టు కాగితం చాలదు, బొమ్మలున్న డిస్కే కావాలి. అది నా ఫైల్లో ఉంది.

మా తమ్ముడికీ షుగర్ వచ్చి చాలా ఏళ్లయింది. వచ్చే నెల వాడికి మోకా పరీక్ష, తోడు నేనే వెళ్తున్నాను. డాక్టరు నన్ను విడిగా అడిగేవాటికి జవాబులు ఇప్పటి నుంచే రాసుకుంటున్నాను: ఫోన్‌లో మాట మధ్యలో ఆగిపోతున్నాడు, కారు పార్క్ చేయడానికి రెండు మూడుసార్లు ముందుకీ వెనక్కీ తిప్పుతున్నాడు, గురక ఉంది.